కాలు విరిగిన కేసులో పరిహారం: దరఖాస్తు వేయడం నుంచి డబ్బు చేతికొచ్చే దాకా నా అనుభవం

రోడ్డు ప్రమాదంలో ఒకేలా కాలు విరిగిన ఇద్దరికి ఒకే పరిహారం రాదు. ఆ విరుపు ఎవరి పనిని ఎంత దెబ్బతీసిందో కాగితాల మీద తేలాలి, లెక్క అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నేను ఇళ్లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ని. కారు గుద్దడంతో కుడి మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది, లోపల రాడ్ వేశారు, మోకాలు పూర్తిగా వంగదు. తెలంగాణలో ఒక జిల్లా కోర్టులో, అంటే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో, ఎం.వి.ఓ.పి. (పరిహారం కోసం వేసే దరఖాస్తు, వాడుకలో ఓపీ) వేసి తీర్పు దాకా నడిపాను. ఆ దారిలో తెలిసినవన్నీ రాస్తున్నాను. మరణం కేసుల లెక్క వేరు, దాని జోలికి పోవడం లేదు.

కేసులో మొదటి సాక్ష్యం ఆసుపత్రి క్యాజువాలిటీలో పుడుతుంది. తీసుకొచ్చిన వాళ్లు చెప్పిన మాటను డ్యూటీ డాక్టరు ఒక్క వాక్యంలో రాసేస్తాడు. పోలీసు గొడవ ఎందుకని ఎవరో ‘బండి జారి పడ్డాడు’ అంటారు, అది అలాగే రిజిస్టరులోకి ఎక్కుతుంది. రెండేళ్ల తర్వాత బీమా కంపెనీ వకీలు క్రాస్‌లో (మనల్ని ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) ముందు పెట్టేది ఆ వాక్యాన్నే. కాబట్టి ఏ వాహనం, ఎక్కడ, ఎన్ని గంటలకు గుద్దిందో అక్కడే చెప్పించాలి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా) రాయించాలి. ముందు ఏరియా ఆసుపత్రికి, తర్వాత ప్రైవేటుకు వెళ్లి ఉంటే రెండు చోట్లా రాసింది ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి. చికిత్స ఖర్చు విషయంలో ఇప్పుడు ఒక ఆసరా ఉంది. 2025 మే 5 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, మనిషికి రూ.1.5 లక్షల వరకు, గుర్తించిన ఆసుపత్రుల్లో నగదు కట్టకుండా వైద్యం చేయాలి.

గుద్దినవాడు ఆసుపత్రికే వచ్చి ఇరవై వేలో ముప్పై వేలో చేతిలో పెట్టి సంతకం అడుగుతాడు. ఖర్చులకు డబ్బు తీసుకోవచ్చు. ‘నష్టపరిహారం పూర్తిగా ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకూడదు. తెల్ల కాగితం మీద అసలే పెట్టకూడదు.

ఫిర్యాదు మనం లేవలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు ఇవ్వొచ్చు. ఆలస్యమైతే ఎందుకైందో ఫిర్యాదులోనే రాయాలి. ఆలస్యం ఒక్కటే కేసును చంపదు, కానీ కారణం లేని ఆలస్యం ‘బండిని తర్వాత ఇరికించారు’ అన్న వాదనకు దారి ఇస్తుంది. 2024 జూలై 1 తర్వాతి ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు వేస్తారు: నిర్లక్ష్యపు డ్రైవింగుకు 281, మామూలు గాయానికి 125(ఎ), తీవ్ర గాయానికి 125(బి). ఎముక విరిగితే అది చట్టప్రకారం తీవ్ర గాయమే. మొదటి ఆసుపత్రి ఇచ్చిన ఊండ్ సర్టిఫికెట్‌లో (గాయాల వివరం రాసే కాగితం) ‘అభిప్రాయం తర్వాత’ అని వదిలేస్తే ఎఫ్ఐఆర్ 125(ఎ) దగ్గరే ఆగిపోతుంది. ఎక్స్‌రే రిపోర్టు దర్యాప్తు అధికారికి అందించి సెక్షన్ మార్పించుకోవాలి.

స్టేషన్ నుంచి కావలసినవి ఎఫ్ఐఆర్, ఫిర్యాదు, స్థల పంచనామా, రఫ్ స్కెచ్, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఊండ్ సర్టిఫికెట్, చార్జిషీటు. వీటిలో స్కెచ్ గురించి ఎవరూ పట్టించుకోరు. బండ్లు రోడ్డుకు ఏ పక్కన ఆగాయో అందులోనే ఉంటుంది, తప్పు ఎవరిదన్న వాదన చాలాసార్లు దాని మీదే తేలుతుంది. ఇంకా కారు ఆర్‌సీ, బీమా పాలసీ, డ్రైవరు లైసెన్సు కాపీలు కావాలి. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే పాలసీ గడువు కనిపిస్తుంది. పాలసీ మొదలైన తేదీతో పాటు గంట కూడా చూడండి. ప్రమాదం జరిగాక సాయంత్రం కట్టిన పాలసీ ఆ ఉదయానికి పనికిరాదు.

2022 ఏప్రిల్ 1 నుంచి పద్ధతి మారింది. పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. మన వివరాలు ఆరో నంబరు ఫారంలో 60 రోజుల్లోపు మనమే ఇవ్వాలి. ఆ పూర్తి నివేదికనే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవచ్చని చట్టం చెబుతుంది. అయినా దాని మీద భారం వేసి కూర్చోకూడదనే నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు దరఖాస్తు పడాలి. చార్జిషీటు రాలేదని ఆగకుండా ఎఫ్ఐఆర్‌తోనే ఓపీ వేసి, మిగతా కాగితాలు తర్వాత దాఖలు చేయొచ్చు. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. మనం ఉండే ఊరు లేదా పనిచేసే ఊరు ఏ జిల్లా కిందికొస్తే అక్కడా వేయొచ్చు. ఇది మంచానపడ్డ మనిషికి పెద్ద వెసులుబాటు.

వకీలు ఫీజు గురించి ఒక మాట. వచ్చిన దాంట్లో ఇంత శాతం అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఆసుపత్రి వార్డుల్లో తిరిగే ఏజెంట్లు మాట్లాడేది మాత్రం ఆ భాషలోనే. ఫీజు ఎంతో ముందే రాతలో పెట్టుకోండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళితే ఉచితంగా వకీలును ఇస్తారు.

ఇక అసలు లెక్క. జీతం స్లిప్పు లేని మాలాంటి వాళ్లకు ఆదాయం రుజువు చేయడమే మొదటి కష్టం. ఏమీ పెట్టకపోతే ట్రిబ్యునల్ కూలి మనిషి ఆదాయాన్ని అంచనా వేసి రాస్తుంది. నేను పెట్టినవి బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే వసూళ్ల స్టేట్‌మెంటు, వైర్‌మన్ పర్మిట్, లేబర్ కార్డు, నాకు పని ఇచ్చే బిల్డింగ్ కాంట్రాక్టరు సాక్ష్యం. కాంట్రాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, ఆయన బోనెక్కి చెప్పాలి.

తర్వాతది వైకల్యం. డాక్టరు సర్టిఫికెట్‌లో ‘కుడి కాలికి 40 శాతం’ అని ఉంటుంది. అది ఆ కాలికి సంబంధించిన లెక్క. మొత్తం శరీరానికి చూస్తే తక్కువ అవుతుంది. దాన్ని కూడా దాటి చూడాల్సింది సంపాదన శక్తి ఎంత పోయిందన్నది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మూడింటినీ విడదీసి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన గుమస్తా ఉద్యోగం నిలవొచ్చు, అదే చెయ్యి పోయిన వడ్రంగి బతుకుతెరువే పోవచ్చు. కాబట్టి డాక్టరు సాక్ష్యంలో రావాల్సింది శాతం ఒక్కటే కాదు: మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, నిచ్చెన ఎక్కగలడా, గొంతుక్కూర్చోగలడా, బరువు మోయగలడా. ఈ ప్రశ్నలు వకీలు అడగాలి, లేకపోతే డాక్టరు తనంతట చెప్పడు.

లెక్క ఇలా ఉంటుంది. వయసు 38, నెలకు 15,000 ఆదాయం అనుకుందాం. 2017లో ప్రణయ్ సేథి తీర్పు ప్రకారం సొంత పని చేసుకునేవాళ్లకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 ఏళ్లలోపు 40 శాతం, 40 నుంచి 50 దాకా 25 శాతం, 50 నుంచి 60 దాకా 10 శాతం కలపాలి. ఆ తీర్పు మరణం కేసులో వచ్చినా గాయాల కేసులకూ వర్తిస్తుంది. అంటే నెలకు 21,000, ఏడాదికి 2,52,000. దీన్ని 2009 నాటి సరళా వర్మ తీర్పులోని మల్టిప్లయర్‌తో (వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) హెచ్చవేయాలి. 36 నుంచి 40 ఏళ్లకు అది 15, 41 నుంచి 45కు 14, 46 నుంచి 50కు 13, 51 నుంచి 55కు 11. మొత్తం 37,80,000. సంపాదన శక్తి 20 శాతం పోయిందని తేలితే 7,56,000, 30 శాతమైతే 11,34,000. బీమా కంపెనీ ఏం చేస్తుందంటే భవిష్యత్తు పెరుగుదల వదిలేసి, మొత్తం శరీరానికి 13 శాతం అని పట్టుకుని, 3,51,000 దగ్గర ఆపుతుంది. రెండింటికీ తేడా గాయంలో లేదు, డాక్టరు చెప్పిన నాలుగు మాటల్లో ఉంది. ఇంకొకటి: మరణం కేసుల్లో సొంత ఖర్చుల కింద కోసే మూడో వంతు గాయాల కేసులో కోయకూడదు. కంపెనీ కోర్టులో వేసే జవాబులో (కౌంటరు) ఆ కోత కనిపిస్తే అభ్యంతరం చెప్పాలి.

సర్టిఫికెట్ తొందరపడి తీసుకోకూడదు. ఎముక అతికి, ఫిజియోథెరపీ పూర్తయి, ఇక మెరుగుపడదని తేలాకే తీసుకోవాలి. ఎవరో ఒక ప్రైవేటు డాక్టరు, చికిత్స చేయనివాడు, శాతం ఎక్కువ వేసి ఇచ్చే కాగితాన్ని జడ్జీలు ఇట్టే గుర్తుపడతారు. చికిత్స చేసిన సర్జనో జిల్లా మెడికల్ బోర్డో ఇస్తే నిలుస్తుంది. సర్జన్ కోర్టుకు రావడం కష్టమైతే అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే వకీలు) వేసి ఆసుపత్రిలోనే సాక్ష్యం తీసుకోమని పిటిషన్ వేయొచ్చు. మా కేసులో వాయిదాలు ఎక్కువ పడింది డాక్టరు దగ్గరే.

సంపాదన నష్టం కాకుండా విడిగా అడగాల్సినవి: ఆసుపత్రి, మందుల బిల్లులు, ఆటో, అంబులెన్సు ఖర్చు, పౌష్టికాహారం, మంచంలో ఉన్నన్నాళ్లూ పోయిన కూలి, చూసుకున్న మనిషి ఖర్చు, నొప్పి, బాధ, జీవన సుఖాల నష్టం. చూసుకున్నది భార్యో తల్లో అయినా ఆ శ్రమకు విలువ కడతారు, అడగాలి అంతే. ఆరోగ్యశ్రీలో చేయించుకుంటే ఆపరేషన్ బిల్లు ఉండదు, కానీ మిగతావేవీ పోవు. ఒరిజినల్ బిల్లులు మెడిక్లెయిమ్ కంపెనీకి పంపాల్సి వస్తే ముందే ఆసుపత్రి ముద్రతో కాపీలు తీసి పెట్టుకోండి.

బీమా వాళ్ల వాదనలు దాదాపు ప్రతి కేసులో అవే. మీకు హెల్మెట్ లేదు, లైసెన్సు లేదు, బండి మీద ముగ్గురున్నారు, కాబట్టి తప్పు మీదీ సగం అంటారు. లైసెన్సు లేకపోవడం, ముగ్గురెక్కడం ప్రమాదానికి కారణమైతేనే కోత ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. వెనక నుంచి కారు గుద్దితే మన జేబులో లైసెన్సు ఉన్నా లేకున్నా గుద్దేది గుద్దేదే. తర్వాతి వాదన కారు డ్రైవరు లైసెన్సు సరైంది కాదని. ట్యాక్సీ అయినా 7,500 కిలోల లోపు బండికి లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చాలని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. లైసెన్సే లేకపోయినా చాలా కేసుల్లో కంపెనీ ముందు మనకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఉత్తర్వు వస్తుంది. ఇంకా, క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన ఓపీ పోదు, ఇక్కడ రుజువు స్థాయి తక్కువ.

లోక్ అదాలత్‌కు పిలుపొస్తే వెళ్లాలి. కాకపోతే కంపెనీ ఇచ్చే అంకె పక్కన మన లెక్కను, దరఖాస్తు వేసిన నాటి నుంచి రావాల్సిన వడ్డీని కలిపి పెట్టుకుని వెళ్లాలి. వడ్డీ సాధారణంగా 6 నుంచి 9 శాతం మధ్య ఇస్తారు. డాక్టరు సాక్ష్యం కాకముందు వచ్చే అంకె తక్కువగానే ఉంటుంది. అక్కడ సంతకం పెట్టాక అప్పీలు లేదు.

తీర్పు వచ్చాక 30 రోజుల్లో కంపెనీ డబ్బు కట్టాలి. కట్టకపోతే తీర్పు అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. కొంత భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమంటారు. చికిత్సకో అప్పుకో కావాలంటే కారణం చూపి ముందే విడుదలకు అడగొచ్చు. మొత్తం తక్కువ అనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టులో అప్పీలు వేయాలి. తేడా లక్ష రూపాయల కన్నా తక్కువైతే అప్పీలు ఉండదు. అడిగినదాని కన్నా ఎక్కువ ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది, 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన నాగప్ప తీర్పు అదే.

రాడ్ తీసే ఆపరేషన్ గురించి చాలామంది మరిచిపోతారు. తీర్పు అయ్యాక దానికి మళ్లీ వేరే క్లెయిమ్ వేయడానికి వీల్లేదు. సర్జన్ దగ్గర ఆపరేషన్, గది, మందులు, పని మానే రోజులు కలిపి అంచనా కాగితం రాయించుకుని, ఆయన సాక్ష్యం రోజునే ఎగ్జిబిట్‌గా (సాక్ష్యపు కాగితంగా) మార్క్ చేయించాలి.