తాడిపత్రి దగ్గర గ్యాసును కడిగే చోట

మే నెల రెండో వారంలో, ఎండ ముదరక ముందే చేరుకోవాలని, అనంతపురంలో తెల్లవారుజామునే తాడిపత్రి బస్సు ఎక్కాను. పేడ నుండి గ్యాసు తీయడం మన పల్లెలకు 1960ల నుండీ తెలిసిన పనే. అయినా ఆ గ్యాసు వంటింటి పొయ్యి దాటి బండి ఇంజను దాకా ఎందుకు రాలేకపోయిందో కళ్ళారా చూసి తెలుసుకోవాలని నా కోరిక. నా చిన్నతనంలో మా పెరట్లోనూ ఖాదీ కమిషన్ నమూనాలో కట్టిన గొబ్బర్ గ్యాసు గుంత ఉండేది. గ్యాసు నిండేకొద్దీ ఇనుప డోము పైకి లేచేది, వంట సాగేకొద్దీ కిందికి దిగేది. పొయ్యి బర్నరు మాత్రం రెండేళ్ళకే తుప్పు పట్టి పెళ్ళలుగా రాలిపోయేది.

తాడిపత్రిలో దిగి, ఎండిన పెన్నను ఒక్కసారి చూసి, ఆటోలో అరటి తోటల మధ్యకు వెళ్ళాను. 2020 జనవరిలో ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు ప్రత్యేక రైలులో అరటి పండ్లు బయలుదేరింది ఈ తాడిపత్రి నుండే. ఎగుమతికి పనికిరాని గెలలు, మచ్చపడిన పండ్లు, ధర పడిపోయినప్పుడు మిగిలిపోయిన టమాటాలు, పక్కనే ఉన్న పాడి పశువుల పేడ కలిసి నేను చూడబోయిన ఆ చిన్న ప్లాంటుకు మేత.

నిర్వాహకుడు పాడి రైతు. నన్ను లోపలికి తీసుకెళ్ళే ముందు నా చొక్కాకు విష వాయువును పసిగట్టే ఒక చిన్న మీటరు తగిలించాడు. పేడ గ్యాసులో కలిసి ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష వాయువు కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది కానీ, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారిపోతుంది కనుక వాసనను నమ్ముకోకూడదని చెప్పాడు. పేడ, వ్యర్థాలు పులిసి గ్యాసుగా మారే డైజెస్టరు అనే మూసిన తొట్టి పక్కన చీనీకాయల (బత్తాయిల) కుప్ప చూసి, అది కూడా వేస్తారా అని అడిగాను. “కొంచెం కొంచెం వేస్తాం సార్. చీనీ తొక్కు ఎక్కువ పడిందంటే గ్యాసు పడిపోతాది” అన్నాడు. తొక్కలోని నూనెలో ఉండే లిమోనిన్ మీథేన్ పుట్టించే సూక్ష్మజీవుల పనికి అడ్డుపడుతుంది. చీనీ తోటల జిల్లాలో ఈ ఒక్క సంగతి తెలియకపోతే నెలల శ్రమ వృథా అవుతుంది.

నేను వచ్చింది అసలు ఆ తర్వాతి భాగం కోసం. డైజెస్టరు నుండి వచ్చే ముడి గ్యాసులో మీథేన్ 50 నుండి 65 శాతం ఉంటుంది, మిగిలినదాంట్లో చాలా భాగం కార్బన్ డయాక్సైడ్. మండని ఆ వాయువును సిలిండరులో కుక్కితే చోటూ కరెంటూ దండగ, తేమతో కలిసిన సల్ఫైడు ఇనుమును తినేస్తుంది. మా ఇంటి బర్నరును తిన్నది కూడా అదే. అందుకే ఇక్కడ గ్యాసును ముందుగా ఐరన్ ఆక్సైడు నింపిన గొట్టం గుండా పంపి సల్ఫైడును పట్టేస్తారు. తర్వాత దాదాపు 10 బార్ల ఒత్తిడితో (ఒక బారు అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) పొడవాటి స్తంభంలోకి కిందినుండి ఎక్కిస్తూ, పైనుండి నీటిని జల్లుతారు. నీటిలో మీథేన్ కంటే కార్బన్ డయాక్సైడ్ ఇరవై రెట్లకు పైగా కరుగుతుంది కనుక అది నీటితో కిందికి పోయి, మీథేన్ పైకి వస్తుంది. దాన్ని ఆరబెట్టి సుమారు 250 బార్ల ఒత్తిడికి సిలిండర్లలో నింపుతారు. వాహనాల గ్యాసులో మీథేన్ కనీసం 90 శాతం ఉండాలన్నది భారతీయ ప్రమాణం.

ఉదయం తొమ్మిదికి, కడిగిన గ్యాసులో మీథేన్ శాతాన్ని చూపే మీటరు 92 చూపించింది. మధ్యాహ్నం రెండు గంటలకు, రేకుల షెడ్డులో నిలబడలేని వేడిలో, అదే మీటరు 87కు దిగింది. యంత్రం చెడిపోలేదు, నీళ్ళు వేడెక్కాయి, అంతే. మామూలు ఒత్తిడిలో 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 1.5 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కరిగితే, 40 డిగ్రీల దగ్గర 1 గ్రాముకు మించి కరగదు. నీటిని చల్లబరిచే టవరు ఉన్నా, ఆవిరైన నీటి చోట మళ్ళీ బోరు నీరే పోయాలి. “నీళ్ళు ఉండాయి కానీ, తోటకు తగ్గించి దీనికి పోయాల్సి వస్తాది సార్” అని ఆయన చెప్పినప్పుడు ఆ గొంతులోని బాధ నాకు బాగా అర్థమైంది. చల్లని ప్రాంతాలకు అమరిన పద్ధతిని మన కరవు నేల మీద యథాతథంగా దించడం సరికాదని నాకు గట్టిగా అనిపించింది. ఒత్తిడి పెంచి తగ్గిస్తూ, జియోలైటు అనే సన్నని రంధ్రాల ఖనిజం వంటి పదార్థంతో కార్బన్ డయాక్సైడును పీల్చుకునే విధానానికి నీరు అక్కరలేదు. అయితే సల్ఫైడు, తేమ ముందే పూర్తిగా తొలగించకపోతే ఆ పదార్థం పాడవుతుంది.

వాడిన నీటితోపాటు మీథేన్ కూడా కొంత గాలిలోకి పోదా అని నేను పట్టుబట్టి అడిగాను, ఎందుకంటే వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఆయన నన్ను ఒక చిన్న ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ నీటి మీద ఒత్తిడి కొంత తగ్గించగానే ముందుగా విడిపోయే మీథేన్‌ను తిరిగి కంప్రెసరుకే పంపుతున్నారు. ఆ ఏర్పాటు చూశాక నా మనసు కుదుటపడింది.

సాయంత్రం, గ్యాసు తీశాక మిగిలిన స్లర్రీని (పలచని పేడ ఎరువును) నింపుకున్న ట్యాంకరు అరటి తోటకు బయలుదేరుతుంటే నేను సెలవు తీసుకున్నాను. అనంతపురం చేరిన తర్వాత, రాత్రి పదిన్నరకు ఆయన ఫోన్ చేశాడు. నీళ్ళు చల్లబడ్డాయట, మీటరు 93 చూపిస్తోందట, వేసవి పోయేదాకా గ్యాసును రాత్రిపూటే కడిగించాలని అనుకుంటున్నాడట.