కోటు జేబులో గాజు పెంకులు

సినిమా అయిపోయి అరగంటైంది. ఇంకా కుర్చీలోంచి లేవలేదు.

మైఖేల్ హానెకే 2001లో తీసిన ‘ది పియానో టీచర్’. వియన్నాలో పియానో నేర్పే ఎరికా, ఇంత వయసొచ్చినా తల్లి గదిలోనే పడుకుంటుంది. కుర్ర శిష్యుడి మీద మనసు పడుతుంది.

అతను ఇంకో విద్యార్థినితో కాస్త ఆదరంగా ఉంటాడు, అంతే. ఎరికా బయటికొచ్చి, ఒక గ్లాసుని స్కార్ఫులో చుట్టి, కాలితో తొక్కి, ఆ పెంకులన్నీ ఆ పిల్ల కోటు జేబులో పోస్తుంది. పియానో వాయించే చేతికి! ఆ చేతి విలువ ఆమె కంటే ఎవరికి తెలుసు?

ఒళ్లు జలదరించింది. ఆమెని అసహ్యించుకుందామంటే మాత్రం నా వల్ల కాలేదు. ఎరికాగా వేసిన ఇసబెల్ ఉపేర్ మొహంలో ఏదీ కదలదు, లోపల మనిషి కాలిపోతున్నట్టు మనకి తెలుస్తూనే ఉంటుంది. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటి ఇచ్చారంటే ఇవ్వరూ మరి.

నన్ను ప్రేమించు అని అడగడం రాదు ఆమెకి. అడగాల్సినవన్నీ ఉత్తరంలో షరతుల్లా రాసిస్తుంది. అతను అది చదువుతుంటే నేను చూపు తిప్పేసుకున్నాను.

చివర్లో తన భుజంలో తనే కత్తి దింపుకుని, కచేరీ హాల్లోంచి నడుచుకుంటూ వెళ్లిపోతుంది. ఎటు వెళ్లిందో అనే ఆలోచిస్తున్నా ఇప్పటికీ.