పద్మాపురం తోట ఎవరి కోసం వేశారు?

అరకు వెళ్లేవారిలో చాలామందికి పద్మాపురం గార్డెన్స్ అంటే బొర్రా గుహలకూ బొంగు చికెన్‌కూ మధ్య దొరికే అరగంట. నేను మాత్రం మా అక్కనూ మేనకోడలినీ వెంటబెట్టుకుని విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కింది ఆ తోట కోసమే.

శృంగవరపుకోట దాటాక కొండలు మొదలయ్యాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలంతా కేకలు పెట్టడం ఈ రైల్లో ఆనవాయితీ. మా అక్క కూడా పెట్టింది. నిజానికి ఈ లైను వేసింది విహారయాత్రలకు కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపాన్‌కు పంపడానికి 1960లలో ఈ కొండలు తొలిచారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1942 ఏప్రిల్ 6న, అదే జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ ఏడాదే, యుద్ధంలో ఉన్న సైనికులకు తాజా కూరగాయలు అందించడానికి పద్మాపురంలో తోట వేశారు.

ఇప్పుడక్కడ గులాబీలు, టాయ్ ట్రైను, చెట్ల మీద గుడిసెలు. సంగతి చెబితే మా మేనకోడలి ముఖం చిన్నబోయింది. "అయితే ఇది కూరగాయల మడా మామయ్యా?"

పేరుమోసిన తోటలు చాలావరకు ఇలా అవసరం కోసం పుట్టినవే. ఇటలీలోని పడువాలో 1545లో వేసిన తోట, వైద్యం చదివేవాళ్లు మందుమొక్కలను గుర్తుపట్టడం నేర్చుకునేందుకు. రాత్రుళ్లు దొంగలు పడి మొక్కలు పీక్కుపోతుంటే చుట్టూ గుండ్రంగా గోడ కట్టారు. కలకత్తా తోట 1787లో మొదలైంది. అది వింత మొక్కలు పోగుచేయడానికి కాదని, పనికొచ్చేవి పెంచి పంచడానికని, దాన్ని వేసిన రాబర్ట్ కిడ్ ఈస్టిండియా కంపెనీవారికి ముందే రాశాడు. ఓడలకు టేకు కావాలన్నది అందులో ఒక ఆశ. 1793లో ఆ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బరో అంతకుముందు మన సామర్లకోటలో మిరియాల తీగలు పెంచి చూశాడు. కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా అతనికి ముందు పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అయితే విశాఖపట్నంలోనే కాపురం. ఆయన మొక్కలకంటే మన పాముల మీద, చేపల మీద రాసి పేరు తెచ్చుకున్నాడు. ఈ ఊళ్లో ఉండి చేపల మీద మనసు పారేసుకోకుండా ఎవరుండగలరు!

టాయ్ ట్రైను మీద నాకు మోజు లేదు గానీ, మేనకోడలు దిగనంటే దిగనంది. అక్కా నేనూ ఈలోగా పెద్ద చెట్ల కింద తీరిగ్గా తిరిగాం.

తోట బయట, కొండవాలు పొడవునా కాఫీ. నీడకు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్, దాని మానుకు అల్లుకున్న మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. అది చూశాక రాక్స్‌బరో ఇంకొంచెం ఎత్తుకు ఎక్కి ఉండాల్సిందనిపించింది. దారిలో అక్క బేరమాడి అరకిలో మిరియాలు కొంది. రాత్రి చారు ఘాటుకు మేనకోడలు రెండు చెంబుల నీళ్లు తాగింది.