కాడి కట్టిన బుల్లెట్

నెల్లూరు ఆటోనగర్‌లో నాకొక చిన్న షెడ్డు ఉంది. రొయ్యల చెరువుల నుంచి వచ్చే ఆయిల్ ఇంజన్లు, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మరమ్మతు నాకు తిండి పెట్టే పని. సాయంత్రాలు మాత్రం మోటారు సైకిళ్ళవి. ఇటీవల పూర్తి చేసిన బండి పాత ఇనుప ఇంజన్ బుల్లెట్ 350. ఇంజన్, చాసిస్, వెనక చక్రం అన్నీ కంపెనీవే. ముందు భాగం మాత్రం పూర్తిగా వేరు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే, గొట్టంలో గొట్టం జారే మామూలు ఫోర్క్ తీసివేసి, చక్రానికి వెనకగా దిగే రెండు కాళ్ళు, వాటి చివర బుష్‌లపై (కీలు దగ్గర వేసే చిన్న తొడుగులు) ఆడుతూ ముందుకు సాగి ఇరుసును పట్టుకునే ఒక పొడవాటి చట్రం, దానికి రెండు వైపులా రెండు షాకబ్జార్బర్లు అమర్చాను. ఇది నా కల్పన కాదు. ఎర్నీ ఎర్ల్స్ అనే ఆంగ్లేయుడు 1950ల మొదట్లో రూపొందించిన పద్ధతి ఇది. బీఎండబ్ల్యూ సంస్థ 1955 నుంచి 1969 వరకు తన బండ్లకు దీన్నే వాడింది. మన ప్రాంతంలో ఎవరూ దీన్ని చూసి ఉండకపోవడం వల్ల నాకు ప్రశంసల కంటే విమర్శలే ఎక్కువగా అందాయి, వాటి గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నెల్లూరు, ఒంగోలు బండ్లవాళ్ళం అప్పుడప్పుడు ఆదివారం ఉదయం కావలి దగ్గర కలుస్తుంటాము, అది రెండు ఊళ్ళకూ ఇంచుమించు మధ్యలో ఉంటుంది. మొదటిసారి ఈ బండిని అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఒంగోలు కుర్రవాడొకడు చుట్టూ తిరిగి చూసి, "అన్నా, గిత్తకు కాడి కట్టినట్టుందే!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పటి నుంచి ఆ బండి పేరు కాడి. రూపాన్ని గురించిన ఎగతాళికి నేను ఎప్పుడూ జవాబు చెప్పను, ఎందుకంటే అందులో వాదించడానికి ఏమీ ఉండదు. చూసేవాడి కన్ను చూసేవాడిదే.

అసలు ఇబ్బంది పాత బుల్లెట్లను ప్రాణంగా చూసుకునేవారితో వచ్చింది. వారిలో ఒక పెద్దాయన ఉన్నారు, ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది, కుడివైపు గేరు ఉన్న తన బండిని ఇప్పటికీ స్వయంగా ట్యూనింగ్ చేసుకుంటారు. ఆయన బండి దగ్గరకు వచ్చి, "ఏంది నాయనా ఇది? కొయ్యడానికి నీకు ఇంకో బండి దొరకలేదా?" అన్నారు. ఆ మాట నన్ను బాధించింది, అయినా అందులో న్యాయం ఉంది. మద్రాసులో 1955లో మొదలైన బుల్లెట్ తయారీలో ఆ ఇనుప ఇంజన్ అర్ధశతాబ్దం పైగా కొనసాగి, ఆ తరువాత ఆగిపోయింది. గేర్‌బాక్సు వేరుగా, ఇంజన్ వేరుగా ఉండే ఆ నిర్మాణం ఇక కొత్తగా రాదు. కనుక ఎవరైనా ఒక చాసిస్ కోసినప్పుడల్లా మిగిలినవాటిలో ఒకటి తగ్గుతుంది. ఇది భావావేశం కాదు, మామూలు తీసివేత లెక్క.

దానికి నేను ఇచ్చుకున్న సమాధానం మాటల్లో లేదు, బండిలోనే ఉంది. చాసిస్ మీద నేను ఎక్కడా రంపం పెట్టలేదు. కొత్త ఫోర్క్ పాత స్టీరింగ్ గొట్టంలోనే, పాత కోన్ సెట్ (స్టీరింగ్ బేరింగులు) మీదనే తిరుగుతుంది. కంపెనీ ఫోర్క్‌కు గ్రీజు పూసి, గోనెపట్టా చుట్టి షెడ్డులో అటక మీద పెట్టాను. అవసరమైతే ఒక పూటలో దాన్ని తిరిగి బిగించవచ్చు. పెద్దాయనకు ఇదంతా చూపించాను. ఆయనకు బండి నచ్చలేదు, కాని చాసిస్ నంబరు ఉన్న చోట వేలితో తడిమి చూసుకుని మరొక మాట అనలేదు. బుల్లెట్ అభిమానులు ఒక విషయం గుర్తుంచుకుంటే బాగుంటుందని మాత్రం నాకు అనిపిస్తుంది: చాలా బండ్లకు వెనక సస్పెన్షనే లేని రోజుల్లో, 1948లో, ఇంగ్లండులో వెనక చక్రాన్ని పైకీ కిందికీ ఆడనిచ్చే స్వింగ్ ఆర్మ్‌తో పోటీలోకి దిగిన బండి ఈ బుల్లెట్ నమూనాయే. ఇప్పుడు మనం సంప్రదాయం అని కాపాడుకుంటున్నది ఆనాటికి విడ్డూరమే అయి ఉంటుంది.

అందరికంటే ఎక్కువగా నాకు ఉపయోగపడినవాడు ఒక లేత్ మేస్త్రి. ఆయనకు బుల్లెట్ మీద భక్తి లేదు, నా మీద మొహమాటమూ లేదు. వచ్చీ రాగానే స్టీరింగ్ గొట్టం ఏటవాలు వెంట ఒక దారాన్ని నేల దాకా సాగదీశారు, ఇరుసు నుంచి బరువు కట్టిన మరో దారాన్ని వేలాడదీశారు, ఆ రెండు దారాలు నేలను తాకిన చోట్ల మధ్య దూరాన్ని టేపుతో కొలిచారు. దీన్నే ట్రైల్ అంటారు. బండి తిన్నగా పోవడమూ, మలుపులో మాట వినడమూ చాలావరకు ఈ దూరం మీదే ఆధారపడి ఉంటాయి. ముందు చక్రం వ్యాసార్థం 320 మిల్లీమీటర్లు, స్టీరింగ్ గొట్టం వాలు 27 డిగ్రీలు, ఆ గొట్టం అక్షరేఖ కంటే ఇరుసు 60 మిల్లీమీటర్లు ముందుకు ఉన్నదనుకుంటే ట్రైల్ సుమారు 96 మిల్లీమీటర్లు వస్తుంది. నేను ఆ అంకెకు దగ్గరగానే చట్రం పొడవు నిర్ణయించుకున్నాను. మేస్త్రి టేపు చూసి తల ఊపి, వెంటనే వెల్డింగ్ మీదికి వెళ్ళారు.

ఇక్కడ ఒక పక్క మాట. బండి ముందు భాగాన్ని పొడుగ్గా సాగదీసి చాపర్ చేయమని అడిగే కుర్రవాళ్ళు నా దగ్గరకు తరచుగా వస్తారు. పై లెక్కలోనే వాలును 38 డిగ్రీలు చేసి, మిగిలినవన్నీ అలాగే ఉంచితే ట్రైల్ 174 మిల్లీమీటర్లకు చేరుతుంది. అటువంటి బండి హైవే మీద రైలులా తిన్నగా పోతుంది, కాని ట్రంకు రోడ్డు రద్దీలో నెమ్మదిగా తిప్పాల్సి వచ్చినప్పుడు హ్యాండిల్ బరువెక్కి, చక్రం ఒక పక్కకు వాలిపోతుంది. దానికి తగిన యోక్‌లు (ఫోర్క్ గొట్టాలను స్టీరింగ్‌కు పట్టి ఉంచే బిగింపులు) వేరే చేయించుకోకుండా గొట్టాలు పొడిగిస్తే చాలనుకునేవారి పని నేను ఒప్పుకోను. ఇందుకు నన్ను పిరికివాడని అన్నవారూ ఉన్నారు. వారు చెప్పినట్టే కానివ్వండి.

వెల్డింగ్ విషయానికి వస్తే, మేస్త్రి అడిగినవి రెండే ప్రశ్నలు: పైపు ఏది, అతుకు లోపల ఏముంది. పైపు సీమ్‌లెస్, కుర్చీలకు వాడే రకం కాదు. అతుకులన్నింటి మీదా ఎర్ర రంగు ద్రావకం పూసి, తుడిచి, తెల్ల పొడి కొట్టి చూశాను. పైకి తెరుచుకున్న పగులు ఉంటే ఆ తెలుపు మీద ఎర్ర గీత తేలుతుంది. ఆయన ఆ డబ్బాలు తెప్పించి తానే మళ్ళీ చేసి చూశారు. గీత తేలలేదు. బుష్‌లు గన్‌మెటల్‌వి వేయమన్నది ఆయనే. నైలాన్ బుష్‌లైనా పనిచేసేవే, కాని ఇందుకూరుపేట వైపు చెరువు గట్ల మీద తిరిగే బండికి ఉప్పు నీరు, బంకమట్టి తప్పవు కనుక గ్రీజు పట్టే లోహమే మేలని ఆయన వాదన, అది నాకు సమంజసంగా తోచింది. క్రోమ్ వేయించలేదేమని అడిగేవారికీ అదే జవాబు చెబుతాను. మైపాడు గాలికి ఏరేటర్ ఫ్రేములే నిలవవు, క్రోమ్ ఎంత కాలం నిలుస్తుంది?

ఈ ఫోర్క్‌కు ఒక స్వభావ లక్షణం ఉంది, దాన్ని దోషమని ఎత్తిచూపినవారు చాలామంది. మామూలు బండిలో ముందు బ్రేకు పట్టగానే ముక్కు కిందికి దిగుతుంది. ఎర్ల్స్ పద్ధతిలో బ్రేకు ప్లేటును (బ్రేకు షూలను మోసే పళ్ళెం) ఆడే చట్రానికే బిగిస్తే ముందు భాగం పైకి లేస్తుంది, ఎందుకంటే చక్రంతో పాటు తిరగబోయే ప్లేటు ఆ చట్రాన్ని మెలిపెట్టి దాని వెనక కొసను పైకి నెడుతుంది. మొదటిసారి తోలినవాడికి ఇది తప్పకుండా వింతగా ఉంటుంది. ప్లేటును విడిగా తిరగనిచ్చి, ఒక కడ్డీతో ఫోర్క్ కాళ్ళకు కట్టేస్తే ఆ లేపు చాలావరకు పోతుంది. అలవాటైన చేతికి ఆ లేపును తీసేయాలా, ఉంచినా నష్టం లేదా అన్నదానిపై కావలి దగ్గర ఒక ఉదయమంతా వాదన జరిగింది. నేను లేపును ఉంచుకునే పక్షం. గట్ల మీద గుంటలో బ్రేకు పట్టినప్పుడు చక్రం కదలడానికి చోటు మిగులుతుంది. జారుడు గొట్టాల ఫోర్క్‌లు అదే సమయంలో వంగి బిగుసుకుంటాయి. ప్రతిపక్షం చెప్పే మరొక మాటను మాత్రం నేను కాదనలేను: ఇందులో బరువంతా స్టీరింగ్ అక్షానికి దూరంగా ఉంటుంది కనుక హ్యాండిల్ చురుకుగా తిరగదు.

చట్టం గురించి అడిగేవారిది న్యాయమైన ప్రశ్నే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే కాడిని నేను రోడ్డు ఎక్కించను. మిత్రుడి చెరువు గట్ల మీద, సరుగుడు తోటల దారుల్లో నడుపుతాను, కావలికి చిన్న ట్రక్కులో తీసుకువెళతాను. "ట్రక్కులో వచ్చేది బండేనా?" అన్న విమర్శ అక్కడి నుంచే పుట్టింది. దీనికి మాత్రం నా దగ్గర మంచి సమాధానం లేదు, ఉన్నది ఆర్సీ పుస్తకం ఒక్కటే.

మెచ్చుకున్నవారు ఫోటో తీసుకుని టిఫినుకు వెళ్ళిపోయారు. బండి కింద పడుకుని నట్లు చూసినవారందరూ నచ్చలేదన్నవారే. ఈశాన్య వానలు తగ్గిన తరువాత బ్రేకు ప్లేటుకు కడ్డీ కూడా చేస్తాను, బిగించడానికీ తీయడానికీ రెండు బోల్టులే ఉండేలా. లేత్ మేస్త్రి ఆ రోజు రెండు రకాలుగానూ తోలి చూస్తానన్నారు. పెద్దాయన తోలనన్నారు గాని, అటక మీది ఫోర్క్‌కు గ్రీజు ఆరిపోయిందేమో చూడటానికి వస్తారట.