నా కొలతకు నా జాకెట్టు

నాకు కుట్టించిన జాకెట్టు ఏదైనా సరే, కుడి భుజం మీద నిలవదు. వేసుకున్న కాసేపటికే జారడం మొదలు. టైలర్‌కి చెబితే మెడ వెడల్పు తగ్గించి ఇచ్చేవాడు. అప్పుడు మెడ దగ్గర పట్టేసేది, భుజం సంగతి మామూలే. లైనింగ్ జాకెట్టుకి మా దగ్గర కుట్టుకూలి ఐదారు వందలు. దానిపైన ఆల్టరేషన్ కోసం తిరగడం, పండగ సీజన్లో అయితే "రేపు రండి మేడమ్" అనిపించుకోవడం. ఇంట్లో అమ్మ వాడిన నల్ల కాలు మిషను మీద ఇన్నాళ్లూ పూలకుండీ పెట్టుకున్నాం. దాన్ని దించేసి, మిషనుకి నూనె వేయించి, బెల్టు మార్పించి, ఒక్క జాకెట్టయినా నా ఒంటికి కరెక్టుగా కుట్టుకోవాలని కూర్చున్నాను.

మిషను తొక్కడం అందరూ భయపెట్టినంత కష్టమేం కాదు. దారం ఎక్కించకుండా, గీతల నోటుబుక్కు కాగితం మీద గీత వెంబడి సూది నడిపించడం మొదటి పాఠం. కాలు మిషనుతో అసలు తంటా చక్రం వెనక్కి తిరగడమే. చక్రం పైభాగం మన వైపుకి తిరగాలి. అటువైపు తిరిగిందంటే దారం లోపల చిక్కుపడి తెగుతుంది. చేత్తో చక్రాన్ని ఇటు తిప్పి, ఆ ఊపులో కాలు కలపడం అలవాటైతే ఇక ఇబ్బంది లేదు. తిన్నని గీతలు వచ్చాక స్టీలు గ్లాసు బోర్లించి గుండ్రాలు గీసుకుని వాటి మీద కుట్టాను. మెడ, చంక, చెయ్యి... జాకెట్టులో తిన్నని కుట్టు ఎంతుంటుంది గనక?

బట్ట సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తీసుకున్నాను. మంగళగిరి కాటన్, దానికి కాటన్ లైనింగ్. కొత్తగా కుట్టేవాళ్లు సిల్కు, జార్జెట్ జోలికి పోకపోవడమే మంచిది, కత్తెర పెట్టేలోపే జారిపోతాయి. పైబట్ట, లైనింగ్ రెండూ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు కోయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే లైనింగ్ కుంచించుకుపోయి పైబట్ట ఉబ్బినట్టు కనిపిస్తుంది. అలాంటివి నా బీరువాలో చాలానే ఉన్నాయి, అన్నీ డబ్బులిచ్చి కుట్టించినవే.

మా వీధిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని కుట్టే అక్క ఒకావిడ ఉంది. ఆది జాకెట్టు పట్టుకుని వెళ్తే పక్కన పడేసింది. "అది సరిపోక కదమ్మా నువ్వు కుట్టుకుంటానంటున్నావు, మళ్లీ దాన్నే ఆది పెట్టుకుంటే ఎట్లా?" అంది. ఒంటి మీదే కొలతలు తీసింది. ఛాతీ 36 అని నాకు తెలుసు. మామూలుగా దాన్ని నాలుగు భాగాలు చేసి, ముందు సగానికీ వెనక సగానికీ తొమ్మిదేసి అంగుళాల లెక్కన గీస్తారు. అక్క మాత్రం ఒక పక్క చంక కింద నుంచి రెండో పక్కకి ముందు వైపు విడిగా, వెనక వైపు విడిగా కొలిచింది. ముందు 19, వెనక 17 వచ్చింది. నా పక్క కుట్టు ఎప్పుడూ ముందుకి లాగినట్టు ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది. భుజం మీది నుంచి పాయింటు దాకా, అంటే ఛాతీ ఎత్తుగా ఉండే చోటు దాకా, 10 అంగుళాలు, పాయింటుకీ పాయింటుకీ మధ్య 7. ఛాతీ దగ్గర ఉబ్బు రావడానికి బట్టను మడిచి కుట్టే డాట్లన్నీ ఆ పాయింటు వైపే చూడాలి, కానీ దానికి ముప్పావంగుళం ముందే ఆగిపోవాలి. సరిగ్గా పాయింటు దాకా కుడితే అక్కడ మొన తేలుతుంది.

మంచి బట్ట జోలికి పోకుండా ముందు పాత దుప్పటితో ట్రయల్ కుట్టమంది. ముందు భాగాలు ఐమూలగా కోయమంది, ఆ దిశలో బట్ట కొంచెం సాగుతుంది కాబట్టి ఛాతీ మీద ఒద్దికగా కూర్చుంటుంది. కుట్లు పెద్దవిగా వేస్తే విప్పడం తేలిక. హుక్కుల బదులు గుండుసూదులు పెట్టి వేసుకుని చూడాలి. అద్దం ముందు కదలకుండా నిలబడితే ఏ జాకెట్టయినా బాగానే కనిపిస్తుంది. జడ వేసుకోవాలి, పై అరలో డబ్బా అందుకోవాలి, వంగి నేల మీద ఏదైనా తియ్యాలి. నేనైతే దాంతోనే బట్టలు ఆరేశాను.

చేతులెత్తగానే జాకెట్టంతా పైకి లేచింది, కింద పట్టీ రెండంగుళాలు ఎగబాకింది. ఎవరైనా ఏమనుకుంటారు? చంక బిగుతైంది, ఇంకాస్త లోతుగా కోస్తే సరి అనే. అక్క ఆ మాట వింటూనే కత్తెర లాక్కుంది. "చెయ్యి లేవట్లేదని చంక దింపకమ్మా. దింపేకొద్దీ ఇంకా లేవదు" అంది. ఆ మాట తలకెక్కడానికి నాకు చాలాసేపు పట్టింది. చంక రౌండు కిందికి దిగితే జాకెట్టు చెయ్యి వచ్చి కలిసేది నడుముకి దగ్గరగా. అప్పుడు చెయ్యి ఎత్తగానే పక్క కుట్టునంతా పట్టి పైకి లాగుతుంది. చంక పైనే ఉంటే, అంటే మన అసలు చంకకి అరంగుళం కిందే ఆగితే, చెయ్యి ఒక్కటే కదులుతుంది, జాకెట్టు కదలదు. మరి బిగుతో? దానికి చంక కాకుండా చెయ్యి ముక్క మార్చాలి. చేతి పైభాగంలో గుండ్రం ఎత్తు ముప్పావంగుళం తగ్గించి, కండ దగ్గర వెడల్పు పెంచింది. చంక రౌండునీ చేతి రౌండునీ టేపుతో కొలిచి రెండూ సరిపోతున్నాయో లేదో మళ్లీ చూసింది. ఇంకోటి, చెయ్యి ముక్కలో ముందు వైపు వంపు వెనకదానికన్నా అరంగుళం లోతుగా తియ్యాలి. లేకపోతే ముందు చంక దగ్గర బట్ట పోగుపడుతుంది.

ఇక భుజం. ట్రయల్ ముక్క వేసుకుని నిలబడితే కుడివైపు మెడ దగ్గర్నుంచి చంక వైపుకి ఏటవాలుగా ముడతలు. ఎడమ వైపు శుభ్రంగా ఉంది. అక్క రెండు భుజాల మీదా స్కేలు అడ్డంగా పెట్టి చూపించింది. నా కుడి భుజం ఎడమదానికన్నా అరంగుళం కిందికి ఉంది. చాలామందికి ఎంతో కొంత తేడా ఉంటుందట. టైలర్లు బట్టను మడతపెట్టి ఒక్క కోతకే రెండు వైపులూ కోస్తారు, కాబట్టి రెండు భుజాలూ ఒకే కొలతతో వస్తాయి. రోజుకి ఎన్నో జాకెట్లు కోసేవాళ్లు అలా చేయడంలో తప్పేం లేదు. మనకి ఉన్నది ఒక్క జాకెట్టే, కావలసినంత టైముంది. కుడివైపు భుజం కుట్టుని మెడ దగ్గర అలాగే ఉంచి, చేతి వైపు చివర అరంగుళం దించి గుండుసూదులు పెట్టాం. భుజం దించినంత చంక కూడా అదే వైపు దించాలి, లేకపోతే ఆ రౌండు చిన్నదైపోతుంది. చంక దింపొద్దన్నావు కదక్కా అంటే, "అది వేరే, ఇది వేరే. ఇక్కడ మొత్తం రౌండే కిందికి జరుగుతోంది" అంది. ముడతలు పోయాయి. నిజం చెప్పాలంటే ఆ పూట నాకున్న సంతోషం జాకెట్టు పూర్తయిన రోజు కూడా లేదు.

సరిచేసిన ట్రయల్ ముక్కల కుట్లు విప్పి, వాటిని పాత క్యాలెండర్ కాగితాల వెనక పరిచి గీసుకున్నాను. ప్రతి ముక్క మీదా "కుడి", "ఎడమ" అని రాశాను. మంగళగిరి బట్ట కోయడం పెద్ద పనేం అనిపించలేదు. పక్క కుట్లలో అంగుళన్నర లోపల వదిలాను, రేపు ఒళ్లు చేసినా విప్పుకోవచ్చు. మెడ కోయగానే అంచు చుట్టూ ఒక వరస కుట్టు వేశాను. మెడ వంపు సాగే గుణం ఉన్నది, చేతుల్లో అటూ ఇటూ తిప్పేసరికే పెద్దదైపోతుంది. ప్రతి కుట్టుకీ ఇస్త్రీ పెట్టాలన్నది నేను నమ్మలేదు గానీ, డాట్లు కుట్టి కిందికి మడిచి ఇస్త్రీ చేశాక వచ్చిన తీరు చూసి నోరు మూసుకున్నాను.

చేతికుట్టు నాకు పడదు. హుక్కులు, కాజాలు, మెడ హెమ్మింగ్ ఇప్పటికీ డబ్బులిచ్చి అక్కతోనే చేయించుకుంటున్నాను. జరీ ఉన్న గద్వాల జాకెట్టు గుడ్డ కోసే ధైర్యం కూడా ఇంకా రాలేదు. దాన్ని టైలర్‌కే ఇచ్చాను, క్యాలెండర్ కాగితాలతో సహా. కుడి, ఎడమ వేరువేరుగా ఉన్నాయేంటని అనుమానంగా అడిగాడు. అలాగే కోయమన్నాను. వంకరగా వస్తే నన్ను అనొద్దని రసీదు వెనక నాతో రాయించుకున్నాడు.