ఉత్తి ఫ్లాష్

మా బాబాయి రాజమండ్రిలో పెళ్ళిళ్ళు తీసే రోజుల్లో సంచిలో నాలుగు రీళ్ళు ఉండేవి. ముప్పయ్యారేసి చొప్పున 144 ఫోటోలు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, బంతి భోజనాలు, అప్పగింతలు, అన్నీ అందులోనే సర్దాలి. మరి స్టేజి ఎక్కిన ప్రతి చుట్టానికీ ఫోటో కావాలి కదా! మూడో వరస బంధువులు వచ్చి నిలబడితే బాబాయి కెమెరా కంటికి ఆనించి, ఫ్లాష్ వెనకున్న టెస్ట్ బటన్ నొక్కేవాడు. వెలుగు పడేది, రీలు కదిలేది కాదు. దాన్ని మేం ఉత్తి ఫ్లాష్ అనేవాళ్ళం. పక్కన లైటు పట్టుకునే నాకు నవ్వాపుకోవడమే ఒక పని.

ఇప్పుడు నేనూ అదే పనిలో ఉన్నాను, డిజిటల్‌తో. మొన్న మాఘమాసంలో ఒక్క పెళ్ళికి నాలుగు వేల పైచిలుకు తీశాను. ఏరడానికే వారం పట్టింది. కళ్ళు మండుతుంటే ఓ రాత్రి విసుగొచ్చి బాబాయి బీరువా తెరిచి ఆయన పాత రీలు కెమెరా పెంటాక్స్ కె1000 బయటికి తీశాను. వెనక మూత అంచున ఉండే స్పాంజి కరిగి తారులా వేళ్ళకి అంటుకుంది. లెన్సులో ఓ మూల బూజు. కానీ మీట లాగి నొక్కితే షట్టరు ఠంగుమంది! ఈ మోడల్ తయారీ 1976 నుంచి 1997 దాకా సాగింది. మన హేవలాక్ వంతెన మీద రైళ్ళు ఆగిపోయిందీ 1997లోనే. బ్యాటరీ కావలసింది లోపల వెలుగు కొలిచే మీటరుకి మాత్రమే. ఆ మీటరుకి ఆపే స్విచ్ లేదు, లెన్సుకి మూత పెట్టడమే ఆపడం. మూత మర్చిపోయి రెండు బ్యాటరీలు తగలేశాక గుర్తుంది.

మొదటి రీలు పుష్కర ఘాట్‌లో తీశాను. ముప్పయ్యారు అయ్యాయి, ముప్పయ్యేడు, ముప్పయ్యెనిమిది... ఎంతకీ అయిపోదే! బాబాయికి చూపిస్తే కెమెరా ఎడమ పక్క, రీలు వెనక్కి చుట్టే నాబ్ వైపు వేలు చూపించాడు. "మీట లాగినప్పుడల్లా ఇది తిరుగుతోందా?" తిరగలేదు. రీలు చివర లోపలి పళ్ళకి పట్టనేలేదు. పొద్దుట్నుంచీ నేను తీసినవన్నీ ఉత్తి ఫ్లాషులే, ఫ్లాష్ కూడా లేకుండా.

తర్వాత ఆయన వెలుగు చదవడం నేర్పాడు. మీటరు చూడొద్దన్నాడు, నీడ చూడమన్నాడు. 400 స్పీడు ఫిల్ము, షట్టరు 500 మీద, అంటే సెకనులో అయిదొందలో వంతు మీద, పెట్టి వదిలెయ్. ఇక మార్చాల్సింది లెన్సులో వెలుగొచ్చే కన్నం అంకె ఒక్కటే. నీడ అంచు కత్తితో కోసినట్టుంటే 16. అంచు మెత్తబడితే 11. నీడ లీలగా ఉంటే 8. అసలు పడకపోతే 5.6. పన్నెండేళ్ళుగా కెమెరాతో బతుకుతున్నాను, నేల మీద నీడ అంచుని ఇంత పట్టిపట్టి చూసింది ఈ ఏడాదే. డిజిటల్‌లో వెనక తెర చూసుకుని సరిచేసుకోవడం అలవాటైపోయింది. తియ్యకముందే తెలియాలన్న బాధ లేదు. ఇందులో ఉంది, అదే నాకు నచ్చింది. రీలు వెయ్యి రూపాయల దగ్గర పడుతోందన్న బాధ వేరే.

కడగడం ఇంట్లోనే. అసలు గొడవంతా ఇక్కడే. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముని, డీ-76 అనే డెవలపర్ మందులో సగానికి సగం నీళ్ళు కలిపి కడిగితే 20 డిగ్రీల దగ్గర పదకొండు నిమిషాలు. ఏప్రిల్‌లో మా కుళాయి నీళ్ళు 34! ఐసు ముక్కలు పాలిథిన్ కవర్లో కట్టి మందు సీసా పక్కన తొట్టిలో వెయ్యాలి, థర్మామీటరు ముందు గొంతుక్కూర్చోవాలి. "మజ్జిగలోకి ఐసు లేకుండా చేశావు కదరా" అని అమ్మ గోల. ఫ్రిజ్‌లో కరివేపాకు డబ్బా పక్కన నా రీళ్ళు ఉండటం మీద ఆవిడకి వేరే అభ్యంతరముంది. తమాషా ఏంటంటే, కలర్ ఫిల్ముకి మందు 38 డిగ్రీలుండాలి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు ఇంచుమించు అక్కడికే వస్తాయి. మన ఊరికి కలరే కలిసొస్తుంది!

ఐసు కంటే పెద్ద తలనొప్పి చెమట. నల్ల సంచిలో చేతులు దూర్చి, చీకట్లో ఫిల్ముని ప్లాస్టిక్ చక్రానికి ఎక్కించాలి. గోదావరి గాలికి రెండు నిమిషాల్లో సంచి లోపల ఆవిరి. తడి తగిలితే ఫిల్ము సగంలో బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే మడత పడి, ఆ చోట నెలవంకలాంటి మచ్చ వస్తుంది. రెండు రీళ్ళ మీద అలాంటి చంద్రుళ్ళు చాలామందే ఉన్నారు. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎక్కిస్తున్నాను. బొమ్మ చెదరకుండా నిలిపే హైపో మందులోంచి తీసి, కడిగి, స్నానాలగదిలో తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీసి తలుపు మూసేస్తే, దుమ్ము లేకుండా ఆరేదాకా ఇంట్లో ఎవరికీ స్నానం లేదు.

పోయిన ఆదివారం బాబాయిని ఘాట్‌కి తీసుకెళ్ళాను. మోకాళ్ళ నొప్పులు, మూడో మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఎండ ఏటవాలుగా ఉంది, నీడ అంచు కొంచెం మెత్తబడింది. 11 పెట్టి కెమెరా ఎత్తాను. చొక్కా కాలరు సర్దుకుని, ఆగి, అనుమానంగా చూశాడు.

"రీలుందేంట్రా, ఉత్తిదేనా?"

ఎడమ పక్క నాబ్ తిప్పి, బిగువుగా ఉందని చూపించాను. అప్పుడు నవ్వాడు, నొక్కేశాను. ఆ రీల్లో ఇంకా పదకొండు మిగిలున్నాయి. అవయ్యేదాకా ఫోటోలో ఎలా వచ్చాడో నాకూ తెలీదు.