రోండా వంతెనను కింది నుంచి చూడాలని

నా బాల్యమంతా నాగార్జునసాగర్ హిల్ కాలనీలో గడిచింది. నాన్న డ్యాం మీద రాతి మేస్త్రీ. సుత్తితో రాయిని తట్టి, ఆ మోతను బట్టి అది పనికొస్తుందో లేదో చెప్పేవారు. మా అమ్మాయి స్పెయిన్‌లోని మాలగాలో ఉద్యోగంలో చేరి, "నాన్నా, ఇక్కడికొస్తే ఏం చూస్తారు?" అని అడిగినప్పుడు రోండా వంతెన అన్నాను. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి, అంతకన్నా ఏం కోరుకుంటాను?

వీసాకు బ్యాంకు పత్రాలు, ప్రయాణ బీమాతో పాటు అమ్మాయి అక్కడి పోలీసు కార్యాలయం నుంచి తీసుకున్న ఆహ్వాన పత్రం పెట్టాను. ఆ పత్రం చేతికి రావడానికే వారాలు పట్టింది. దాని కోసం ముందే మొదలుపెట్టడం మంచిది.

నవంబరులో మాలగా నుంచి బస్సెక్కాం. కొండ దారిలో రెండు గంటల ప్రయాణం. రోండా ఊరు ఎత్తైన రాతి పీఠం మీద ఉంది. గ్వాదలెవీన్ అనే చిన్న నది ఆ పీఠాన్ని నిలువునా కోసుకుంటూ పోయింది. ఆ చీలికకు అటు పాత ఊరు, ఇటు కొత్త ఊరు. రెంటినీ కలిపేది 98 మీటర్ల ఎత్తున్న రాతి వంతెన.

దీనికి ముందు 1735లో ఇక్కడే ఇంకో వంతెన కట్టారు. తొందరపడి ఎనిమిది నెలల్లో ముగించారు. 1741లో అది కూలి యాభై మంది దాకా చనిపోయారు. తర్వాత 1751లో మొదలుపెట్టిన ఇప్పటి వంతెన 1793లో గానీ పూర్తి కాలేదు. నలభై రెండేళ్లు! సిమెంటు లేని కాలం, సున్నంతో కట్టిన పని. రాయి ఆ లోయలోంచే తీశారు. ఆలస్యమైందని ఎవరూ వాళ్లను తప్పుపట్టకూడదని నా అభిప్రాయం.

నడిమి కమాను పైన ఒక గది ఉంది. ఒకప్పుడు జైలు, ఇప్పుడు టికెట్టు కొని లోపలికి వెళ్లవచ్చు. ముందురోజు రాత్రంతా వాన కురిసింది. నేను గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. చల్లగా, గరుకుగా, పొడిగా ఉంది.

అక్కడి నుంచి పాత ఊరి వైపున్న మరియా ఆక్సిలియదోరా కూడలికి నడిచి, లోయలోకి దిగే కాలిబాట పట్టుకున్నాం. కంకర తడిసి జారుతోంది. నా మోకాళ్లు బాగా లేవు. అమ్మాయి ముందు నడుస్తూ, "ఇక్కడ కాలు పెట్టండి నాన్నా" అంటూ దారి చూపింది. దిగడానికి ముప్పావు గంట పట్టింది. తల పైకెత్తి చూస్తే కొండ ఎక్కడ ఆగిందో, కట్టడం ఎక్కడ మొదలైందో కాసేపు తెలియలేదు. రెండూ ఒకే రంగు. కింద చిన్న కమాను, దాని మీద ఆకాశంలోకి లేచిన పెద్ద కమాను. నాన్న ఉంటే ఏ రాయిని ముందు తట్టి చూసేవారో అనుకున్నాను. కళ్లు చెమర్చాయి. పైకెక్కడానికి గంటకు పైనే పట్టింది. ఊళ్లోకి చేరేసరికి మధ్యాహ్నం దుకాణాలు మూసేశారు. భోజనం ముందే చూసుకోకపోవడం మా పొరపాటు.

మర్నాడు గ్రాసలేమా అనే కొండ ఊరికి వెళ్లాం. సున్నం కొట్టిన తెల్లటి ఇళ్లు, వెనక బూడిదరంగు కొండలు. అట్లాంటిక్ మబ్బులు ఈ కొండలకు తగిలి కురుస్తాయి కాబట్టి స్పెయిన్‌లో వానలు బాగా పడే చోట్లలో ఇది ఒకటి. ఇక్కడ పిన్సాపో అనే, సూదుల్లాంటి ఆకులుండే ఫర్ చెట్ల అడవి ఉంది. మంచు యుగం నుంచి మిగిలిన ఈ జాతి స్పెయిన్‌లో ఈ దక్షిణపు కొండల్లోనే సహజంగా పెరుగుతుంది. ఆ అడవిలోకి వెళ్లే బాటకు పార్కు వారి అనుమతి కావాలి. అమ్మాయి ముందే తెప్పించింది. మొదటి చడావు ఎక్కేసరికే నా మోకాళ్లు మొరాయించాయి, సగంలో వెనుదిరిగాం. అయినా ఒక కొమ్మను దగ్గరగా చూశాను. పొట్టి ఆకులు చుట్టూ అన్ని వైపులా బిరుసుగా, సీసా కడిగే బ్రష్షులా నిలబడి ఉన్నాయి.

ఆ రాత్రి మాచర్లలో ఉన్న అన్నయ్యకు ఫోను చేశాను. ఆయనా సాగర్ మీద పనిచేసినవారే. ఎత్తు, వయసు అన్నీ చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు.

"లోపల చెమ్మ ఊరుతోందా?"

"లేదన్నయ్యా. చెయ్యి పెట్టి చూశాను."